కుడివైపు జేబు

ఆ గుడ్డ కుట్టింది జిప్పులక్కే. కాబట్టి ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవాలంటే ఆవిడ ముందు తన మీదే తెచ్చుకోవాలి. మిగతావాళ్ళంతా ఆ తర్వాతే.

టైర్ల కొట్టు పైన ఒక పొడుగాటి హాలుంది. ఆదివారం పొద్దున వాళ్ళ సంఘం కూడుకునేది అక్కడే. కింద రబ్బరు వాసన, పైన పాటలు. హాలు వెనక గోడకి మంచం దుప్పటంత నీలం గుడ్డ వేలాడుతూ ఉంటుంది. దాని నిండా జేబులు. ఎడమవైపు జేబుల్లో మొరలు, కుడివైపు జేబుల్లో స్తుతులు. ఎవరి కష్టం వాళ్ళు ఒక కార్డు మీద రాసి ఎడమవైపు పెడతారు. ప్రార్థన ఫలిస్తే ఆ కార్డు కుడివైపుకి మారుతుంది. ఐదేళ్ళ కిందట ఈ గుడ్డ కుట్టమన్నప్పుడు, ఏ వైపు ఎన్ని జేబులండీ అని అడిగింది జిప్పులక్క. పాస్టరుగారు విశ్వాసం ఉన్న మనిషి. కుడివైపు రెట్టింపు పెట్టమ్మా అన్నారు. పెట్టింది. ఇప్పుడు చూస్తే ఎడమవైపు ఒక్కో జేబులో మూడేసి కార్డులు ఊపిరాడకుండా ఇరుక్కుని ఉన్నాయి. కుడివైపు సగం జేబులకి ఇస్త్రీ మడత కూడా పోలేదు.

జిప్పులక్కకి పేరు లేక కాదు. పాడైన జిప్పు ఏది పట్టుకెళ్ళినా బాగుచేస్తుందని వీధంతా అలాగే పిలుస్తుంది. బ్యాగులు, ప్యాంట్లు, చలికోట్లు. ఒకసారి ఎవరో గుడారమే తెచ్చి గుమ్మంలో పడేసి పోయారు. మొగుడు లిఫ్టు మెకానిక్కు. అంటే, మెకానిక్కుగా ఉండేవాడు. మూడేళ్ళ కిందట ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు గొయ్యిలోకి రెండంతస్తులు పడ్డాడు. మెడ కింద నుంచి ఏదీ పనిచేయదు. నోరు మాత్రం శుభ్రంగా పనిచేస్తుంది.

"ముఖ్యమైన పార్టు మిగిలిపోయింది కదా" అంటాడు ఆయనే.

వాళ్ళ వాటా రెండో అంతస్తు. మంచం లిఫ్టు గోడకి ఆనుకుని ఉంటుంది. రోజంతా ఆ గోడ వింటూ పడుకోవడమే ఆయన ఉద్యోగం.

"ఇదిగో, వింటున్నావా? మనింటి దగ్గరికొచ్చేసరికి మూలుగుతోంది. లిఫ్టు జారే గైడు అరిగిపోయింది. వాచ్‌మన్‌కి చెప్పు."

"చెప్పానండీ పోయినవారం."

"ఏమన్నాడు?"

"మంచంలో ఉన్నాయనకి ఎలా తెలుస్తుందమ్మా అన్నాడు."

"మంచంలో ఉంటేనే తెలుస్తుంది. నిలబడ్డవాడు లిఫ్టెక్కి ఫోను చూసుకుంటాడు."

ఇలాంటి మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎడమవైపు, వెల్లకిలా, కుడివైపు, మళ్ళీ ఎడమవైపు. గాలి పరుపు ఉన్నా సరే, మార్చాల్సిందే. ఒకేచోట ఎక్కువసేపు బరువు పడితే చర్మం చచ్చిపోతుంది. ఆయనకి నొప్పి తెలీదు కాబట్టి అది చచ్చిపోతున్న సంగతి ఎవరికీ తెలీదు. ఆయన ఎనభై రెండు కిలోలు, ఈవిడ నలభై తొమ్మిది. కింద పరిచిన దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుని, మోకాలు మంచానికి ఆనించి, ఒక్క ఊపున లాగి వీపు కింద దిండు తోసెయ్యాలి. ఇద్దరుంటే అరనిమిషం పని. ఒక్కరే అయితే అదో యుద్ధం.

ఫోన్‌లో అలారం పెట్టింది ఆడపడుచు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో తప్పులు పట్టే ఉద్యోగం ఆ పిల్లది, ఇంట్లోనూ మానదు. మామూలు గంటైతే వదిన నిద్రలో ఆపేస్తుందని బాతు అరుపు పెట్టింది. రెండు గంటలకోసారి ఆ ఇంట్లో బాతు అరుస్తుంది. పగలూ రాత్రీ, మూడేళ్ళుగా.

జిప్పులక్క ప్రార్థన కూడా ఆ కొలతకే కుదించుకుంది. మొదటి ఏడాది పెద్ద పెద్ద ప్రార్థనలు చేసింది, ఉపవాసాలుంది, గొంతు పోయేదాకా ఏడ్చింది. ఇప్పుడు పక్క మార్చాక దిండు సర్దుతూ, "ప్రభువా, మళ్ళీ బాతు అరిచేదాకా" అంటుంది. అంతే. అంతకుమించి అడగడానికి ఊపిరుండదు.

నీలం గుడ్డలో ఆవిడ పెట్టిన మొదటి కార్డు మీద "ఆయన లేచి నడవాలి" అని ఉండేది. ఏడాది తర్వాత డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టి, వెన్నుపాము ఎక్కడ తెగిందో పెన్నుతో చూపించాడు. ఆ ఆదివారమే ఆ కార్డు తీసేసి ఇంకోటి రాసింది. "మాకు ఓపిక ఇవ్వు ప్రభువా."

"ఏంటి, డిమాండు తగ్గించావా?" అన్నాడు లిఫ్టాయన. "మంచిదే. మా యూనియన్‌వాళ్ళూ అంతే. జీతం పెంచమని మొదలెట్టి, మరుగుదొడ్డికి బల్బు ఇప్పించండి చాలు అని ముగిస్తారు."

ఆయనా ఒక్కటే అడిగాడు, భార్యని. ఊరి చివర ఒక రోగుల ఇల్లుంది. ఇంట్లో చూసుకోలేనివాళ్ళని అక్కడ పెడతారు, గదికి ఆరుగురు. ఒకప్పుడు ఆ భవనంలో లిఫ్టు చూసేది ఆయనే.

"నన్ను అక్కడ మాత్రం పెట్టకు. ఏడేళ్ళు వెళ్ళాను ఆ లిఫ్టుకి. అందులో పైకెక్కినవాళ్ళెవరూ నడిచి దిగడం చూళ్ళేదు."

"పెట్టనండీ" అంది. ఆ మాట కోసమే ఇప్పుడు బతుకుతోంది. మిగతావాటి సంగతి ఆమెకి పెద్దగా తెలీదు.

ఆ నీలం గుడ్డని చూసుకునేది బోర్డు తాతగారు. పోస్టాఫీసులో నలభై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసి అరల్లో పడేసిన మనిషి. రిటైరయ్యాక చేతులు ఊరికే ఉండలేకపోతే సంఘం వాళ్ళు ఈ పని అప్పగించారు. ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర చిన్న నోటుబుక్కు పట్టుకుని నిలబడతారు. ఎడమవైపు కార్డున్న ప్రతివాళ్ళనీ అడుగుతారు. సాయంత్రం ఆ కార్డులు చూసి, ఎవరింటికి ఎవరు సాయం వెళ్ళాలో జాబితా తయారుచేసి ఫోను గ్రూపులో పెడతారు. ఆ జాబితా పుణ్యమా అని రోజూ పదింటికి డ్రాయింగు మాస్టారు, రెండింటికి జంట అత్తలు జిప్పులక్క ఇంటికొచ్చి ఒక చెయ్యేసేవాళ్ళు. జంట అత్తలు కవలలు కాదు, అక్కచెల్లెళ్ళు కూడా కాదు. ఒకరు లేకుండా ఇంకొకరు కనబడరంతే.

"ఎలా ఉన్నాడమ్మా మీ ఆయన?" అని అడిగేవారు తాతగారు.

"బాగానే ఉన్నారు తాతగారూ."

"నువ్వు?"

"బాగానే ఉన్నాను. దేవుని దయ."

గుమ్మంలో, వెనక పదిమంది చెప్పులు విప్పుకుంటుంటే, ఇంకేం చెప్తారు ఎవరైనా.

ఒక సోమవారం పదింటికి డ్రాయింగు మాస్టారు రాలేదు. రెండింటికి జంట అత్తలూ రాలేదు. మంగళవారమూ రాలేదు. పాపం వాళ్ళకీ ఇళ్ళూ వాకిళ్ళూ ఉంటాయి కదా అనుకుంది జిప్పులక్క.

"ఫోన్ చేసి అడుగు" అన్నాడు లిఫ్టాయన.

"ఏమని అడుగుతానండీ? మూడేళ్ళు వచ్చారు. ఎందుకు మానేశారని నిలదీస్తామా?"

"నిలదియ్యమనలేదు. అడగమన్నాను."

"అడగక్కర్లేదు. ఓపిక పడదాం."

ఆ వారం గ్రూపులో వచ్చిన జాబితా ఆవిడ చూడలేదు. చూసే తీరికే ఉంటే జాబితాతో పనేముంది. ఆదివారం ఆయన దగ్గర కూర్చునేవాళ్ళు లేక మందిరానికీ వెళ్ళలేదు. రెండో ఆదివారమూ అంతే.

రెండోవారంలో ఒక బడివాళ్ళు పుస్తకాల సంచులు నలభై తెచ్చి పడేశారు, గురువారానికల్లా కావాలని. బుధవారం మధ్యాహ్నం బాతు అరిచింది. ఈ ఒక్క జిప్పు అయిపోనీ అనుకుని అలారం ఆపింది. మధ్యలో బాతు మళ్ళీ అరిచినా వినబడలేదు. కళ్ళు తెరిచేసరికి చెంప మీద కుట్టుమిషను అంచు అచ్చు పడి ఉంది. కిటికీలో ఎండ ఆ గోడ నుంచి ఈ గోడకొచ్చింది. ఆయన్ని పక్క మార్చి నాలుగున్నర గంటలు.

పరిగెత్తింది. ఆయన మెలకువగానే ఉన్నాడు, తలుపు వైపు చూస్తూ.

"పిలవొచ్చు కదండీ! నోరుంది కదా మీకు!"

"ఉంది."

"మరి?"

"మిషను మీద తల పెట్టుకుని పడుకున్నావు. నోరు తెరుచుకుని. నువ్వలా పడుకోవడం చూసి చాలా రోజులైంది." మిషను వైపే చూస్తూ, "ఓపిక పట్టాను" అన్నాడు.

పక్కకి తిప్పి చూసింది. వెన్ను చివర, రూపాయి బిళ్ళంత మేర ముదురు ఎరుపు. వేలితో నొక్కితే తెల్లబడాలి. తెల్లబడలేదు.

వారానికోసారి వచ్చే నర్సుని ఆ ఇంట్లో కొలతల నర్సు అంటారు. ఏది చూసినా కొలిచి రాసుకుంటుంది. ఆ గురువారం వచ్చినప్పుడు ఎరుపు మధ్యలో చర్మం లేచిపోయి ఉంది. కాగితం స్కేలు ఆనించింది. రెండు సెంటీమీటర్లు. వారం తర్వాత మూడు.

"అమ్మా, దాచకుండా చెప్తున్నా. ఇది ఎముక దాకా వెళ్తే, ఇంట్లో ఉంచుకోవచ్చని నేను సంతకం పెట్టలేను. రోగుల ఇంటికి రాస్తాను. ఎవరైనా చెయ్యందించేవాళ్ళు లేరా? ఇంతకుముందు ఎవరో వచ్చేవాళ్ళు కదా."

"వస్తారండీ. కాస్త పనులు పడ్డట్టున్నాయి."

ఆ సాయంత్రం పాస్టరుగారు ఫోన్ చేశారు. గొంతులో సంతోషం.

"సహోదరీ, ఈ ఆదివారం ఓపిక మీద వర్తమానం చెప్తున్నాను. మీరు నిలబడి మీ అనుభవం సాక్ష్యంగా చెప్తే ఎంతో బావుంటుంది. ఐదు నిమిషాలు చాలు. మీ కార్డు కూడా కుడివైపుకి వచ్చిందట కదా."

జిప్పులక్కకి ముందు అర్థం కాలేదు. "ఏ కార్డండీ?" అంది.

"మీ కార్డే. ఓపిక ఇవ్వమని అడిగారు. ప్రభువు ఇచ్చాడు. దేవునికి మహిమ."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు గోడకేసి చూసింది. గోడ వెనక లిఫ్టు మూలుగుతూ పైకి పోయింది. మొగుడికి చెప్తే ఆయన నవ్వాడు. మూడేళ్ళలో అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గే కండరాలు పనిచేయవు కాబట్టి ఆవిడ రెండు అరచేతులతో పొట్ట నొక్కి దగ్గించాలి. నొక్కింది. ఆయన తేరుకుని, "అంటే బల్బు ఇచ్చేశారన్నమాట. ఫైలు మూసేశారు" అన్నాడు.

శనివారం ఆడపడుచు వచ్చింది. సంగతంతా విని చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది.

"వదినా, ఇది చాలా సింపుల్. మా ఆఫీసులో రోజూ జరిగేదే. పరిష్కారం అయిపోయిందని ఎవడో ఫిర్యాదు టికెట్ మూసేస్తాడు. మనం మళ్ళీ తెరవాలి. రేపు మైకు ఇస్తారు కదా? మూడు ముక్కలు చెప్పు. ఏం కావాలని అడిగాం, ఏం జరుగుతోంది, ఇప్పుడు ఎవరు ఏం చెయ్యాలి. కథలొద్దు. మూడో ముక్క మాత్రం మర్చిపోకు. 'రేపట్నుంచి రండి.' అంతే."

"అలా ఎలా అడుగుతానే మైకులో?"

"నోటితో. అన్నయ్య దగ్గర నేనుంటా. నాకు ఎలాగూ మీ సంఘంలో ఖాతా లేదు."

ఆదివారం ముందుగా వెళ్ళింది జిప్పులక్క. నీలం గుడ్డ దగ్గర తాతగారు ఒక్కరే ఉన్నారు, కార్డుల అంచులు సరిచేస్తూ. కుడివైపు, పైనుంచి రెండో వరసలో, తన చేతిరాత కనబడింది. ఆ జేబు కుట్టినప్పుడు దారం చిక్కుపడి కొంచెం వంకరొచ్చింది. ఎవరూ చూడర్లే అని వదిలేసింది అప్పుడు.

"తాతగారూ, ఇది ఎందుకు మార్చారు?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని నోటుబుక్కు తీశారు. పేజీలు తిప్పి చూపించారు. తేదీ, పక్కనే గుండ్రటి అక్షరాల్లో: బాగానే ఉన్నారు. బాగానే ఉన్నారు. బాగానే ఉన్నారు, దేవుని దయ. పేజీల తరబడి అదే.

"నడవాలని రాసుంటే మార్చేవాణ్ణి కాదమ్మా. ఓపిక అడిగావు. రెండేళ్ళ నుంచి చూస్తున్నాను, ఒక్కసారి కూడా నీ నోటి వెంట కష్టమన్న మాట రాలేదు. ఇంక ఓపిక అంటే ఏంటి? ఉత్తరం చేరాల్సినచోటికి చేరిందనుకున్నాను."

ఆయన లెక్క తప్పని ఎలా అనగలదు. ఆ మాటలన్నీ తను చెప్పినవే.

"మనుషులు రావడం మానేశారు తాతగారూ. పుండు పడింది."

ఆయన నోటుబుక్కు మూశారు. "జాబితా..." అన్నారు. ఎడమవైపు కార్డు లేని ఇల్లు జాబితాలోంచీ పోతుందని అప్పటిదాకా ఆయనకి తట్టలేదు. కార్డుని అరలో పెట్టేవాడికి, ఆ కార్డు చివర ఒక మంచం ఉంటుందని తట్టదు. "వెనక్కి పెట్టేస్తానమ్మా. కానీ ఇన్నేళ్ళలో కుడి నుంచి ఎడమకి ఒక్కటీ రాలేదు. పాస్టరుగారిని ఒక్కమాట అడిగి..." అనేలోపే కీబోర్డు మోగింది. జనం లేచి నిలబడ్డారు.

పాస్టరుగారి ప్రసంగం మధ్యలో మైకు చేతికొచ్చింది. హాలు నిండా మొహాలు. డ్రాయింగు మాస్టారు రెండో వరసలో ఉన్నాడు, జంట అత్తలు కిటికీ పక్కన. అందరూ ఆవిడకేసి ప్రేమగా చూస్తున్నారు. అదే వచ్చిన చిక్కు. కోపంగా చూసుంటే గబగబా చెప్పేసేదేమో.

మొదటి ముక్క చెప్పింది. "నేను దేవుణ్ణి ఓపిక అడిగాను."

"ఆమెన్" అన్నారు కొందరు.

రెండో ముక్క. "నాకు ఓపిక రాలేదు."

తర్వాత ఎక్కడో ఒకావిడ ముక్కు చీదింది.

"నిజంగా రాలేదండీ. నేను ఆయన్ని కసురుతాను. మొన్న అలారం మోగితే ఆపేసి పడుకున్నాను. ఆయన వీపు మీద పుండు పడింది నా మూలంగా. ఒక్కోసారి పక్క మారుస్తూ, ఇంకెన్నాళ్ళు అనుకుంటాను. ఎన్నాళ్ళు అంటే ఏంటో మీకు తెలుసు. అలా అనుకుంటాను. నా దగ్గర ఓపిక లేదు. అయిపోయింది."

ఈసారి హాలంతా ఆమెన్ అంది. జంట అత్తలు ఇద్దరూ ఒకే చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంటున్నారు. పాస్టరుగారు వచ్చి పక్కన నిలబడ్డారు, ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

"చూశారా? మూడేళ్ళు మంచం పక్కన నిలబడిన స్త్రీ, నాకు ఓపిక లేదంటోంది. ఇదే తగ్గింపు, ఇదే వినయం. ఓపిక ఉన్నవాళ్ళెవరూ నాకుంది అని చెప్పుకోరు."

మూడో ముక్క ఆవిడ నోట్లోనే ఉంది. "కాబట్టి రేపట్నుంచి" అని మొదలుపెట్టింది కూడా. కానీ మైకు అప్పటికే ఆయన చేతిలోకి వెళ్ళిపోయింది. కీబోర్డు అబ్బాయి పాట ఎత్తుకున్నాడు. అందరూ చేతులెత్తారు. ఆవిడ చేతులే కిందికున్నాయి. కాసేపటికి, బాగోదని, ఆవిడా ఎత్తింది.

బయటికొచ్చేటప్పుడు ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పట్టుకున్నారు. ఎంత బలపడ్డామో అన్నారు. కార్డు మాట తాతగారు కదిపితే, ఇంత సాక్ష్యం అయ్యాక వెనక్కి పెడితే కొత్తవాళ్ళ విశ్వాసం ఏమవుతుంది, కొన్నాళ్ళు ఆగుదాం అన్నారు పాస్టరుగారు, మంచిగానే. సోమవారం నుంచి గుమ్మం ముందుకి పళ్ళు రావడం మొదలైంది. సంచులకి సంచులు ఆపిల్స్. కావాల్సింది చేతులు. వచ్చింది ఆపిల్స్. "ఎందుకండీ ఇవన్నీ" అంటూ తీసుకుంది ప్రతి సంచీ.

"ఇంటికి పంపించేవాళ్ళే కానీ లోపలికొచ్చేవాళ్ళు లేరు" అన్నాడు లిఫ్టాయన. "ఆ ఆపిల్సే వీపు కింద పేర్చెయ్. ప్రతిదానికీ ఉపయోగం ఉంటుంది."

ఆ సోమవారమే సరిగ్గా రెండింటికి ఎవరో తలుపు తట్టారు. బోర్డు తాతగారు. డెబ్భై ఎనిమిదేళ్ళు ఆయనకి, బరువెత్తకూడదన్నారు డాక్టర్లు. చొక్కా చేతులు మడుచుకుని మంచం దగ్గరికొచ్చి దుప్పటి అంచు పట్టుకున్నారు. లాగారు. ఆయనే ముందుకి తూలారు. జిప్పులక్క ఆయన్ని పట్టుకోవాల్సొచ్చింది.

"తాతగారూ, మీరు కూడా పడితే ఇంకో మంచం వెయ్యాలి. ఇల్లు చిన్నది" అన్నాడు లిఫ్టాయన.

"నేనేం చెయ్యగలనో చెప్పు బాబూ."

"దిండు పట్టుకోండి. ఆవిడ లాగినప్పుడు సందులో తొయ్యండి."

దిండు పట్టుకున్నారు. తర్వాత రోజూ వచ్చారు, పదింటికీ రెండింటికీ. ఒక్క నిమిషం ముందు కాదు, వెనక కాదు. పోస్టాఫీసు మనిషి. దిండు తోసే పని ఒక్కటే తగ్గినా జిప్పులక్క మోకాలికి కాస్త ఊపిరి వచ్చింది. క్షమించమని ఆయన ఒక్కసారీ అనలేదు, ఆవిడ అనిపించలేదు. మధ్యాహ్నాలు ముగ్గురూ ఆపిల్స్ కోసుకుని తింటూ గోడ వినేవాళ్ళు. "ఇప్పుడు ఇద్దరు మనుషులు ఎక్కారు, ఒకడు బరువు" అనేవాడు లిఫ్టాయన. తాతగారు తలుపు తీసి చూసి, నిజమే బాబూ, అనేవారు.

గురువారం కొలిచింది నర్సు. మూడు సెంటీమీటర్లు. ఆ పై గురువారం కూడా మూడే. మూడోవారం కూడా. పెరగలేదు. నీలిరంగు పెన్నుతో కాగితం మీద మూడు మూళ్ళు, ఒకదాని కింద ఒకటి. జిప్పులక్క ఆ కాగితం తెచ్చి మిషను పైన గోడకి గుండుసూదితో గుచ్చింది. చాలాకాలానికి బాతు అరవకముందే ప్రార్థన చేసింది. ప్రభువా, ఇలాగే ఉండనీ. మానక్కర్లేదు. ఇలాగే ఉండనీ చాలు.

నాలుగో గురువారం నర్సు స్కేలు ఆనించి, ఆగి, వాసన చూసింది. సంచీలోంచి పొడుగాటి దూది పుల్ల తీసింది. పుండు అంచు దగ్గర పెట్టి మెల్లగా లోపలికి పోనిచ్చింది. పోతూనే ఉంది. చర్మం కింద పక్కకి కూడా పోయింది. చివరికి దేనికో తగిలి ఆగింది. గట్టిగా. టక్‌మని చిన్న చప్పుడు.

బయట మూడు సెంటీమీటర్ల మూత. లోపల గుహ. ఇన్నాళ్ళూ వాళ్ళు మూత కొలిచారు.

"అమ్మా" అంది నర్సు.

"తెలిసిందండీ" అంది జిప్పులక్క.

"మీ తప్పు కాదు. పైకి కనబడదు ఇది."

లిఫ్టాయనకి ఏదీ తెలియలేదు, వీపు కాబట్టి. "ఎంత?" అన్నాడు.

నర్సు దూది పుల్లని కాగితంలో చుట్టేసింది. ఆయన మళ్ళీ అడగలేదు. గోడ వెనక లిఫ్టు వచ్చి ఆగింది.

సోమవారం పొద్దున ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తెచ్చారు. ఆడపడుచు సెలవు పెట్టి వచ్చి, కాగితాలన్నీ రెండుసార్లు చదివింది, ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. స్ట్రెచర్ లిఫ్టులో పడుకోబెట్టినట్టు పట్టలేదు, కాస్త నిలబెట్టాల్సొచ్చింది. మూడేళ్ళ తర్వాత లిఫ్టాయన లిఫ్టెక్కాడు.

"చెప్పానా, గైడు" అన్నాడు అది మూలగ్గానే.

"పెట్టనన్నాను మిమ్మల్ని అక్కడ" అంది జిప్పులక్క.

"అన్నావు. నేను పిలవొచ్చు ఆ రోజు. పిలవలేదు. ఇద్దరం సరిపోయాం."

కింద తాతగారు నిలబడి ఉన్నారు. చొక్కా జేబులోంచి కార్డు తీసి చూపించారు. ఆ ఉదయమే హాలు తాళం తీయించి, కుడివైపు జేబులోంచి లాగేశారట. ఎవర్నీ అడగలేదు.

"ఏ వైపు పెట్టాలో తెలియడం లేదమ్మా. నువ్వు చెప్పు."

ఆవిడ కార్డు చూసింది. మాకు ఓపిక ఇవ్వు ప్రభువా. ఇచ్చాడా, ఇవ్వలేదా? పిలవకుండా పడుకున్న మనిషి, అడగకుండా ఊరుకున్న తను. ఉన్నదంతా ఓపికే అనిపించింది ఒకపక్క. ఒక్క చుక్క కూడా లేదనిపించింది ఇంకోపక్క.

"నాకూ తెలీదు తాతగారూ."

"చిరునామా తెలియని ఉత్తరాలు మేం పారేసేవాళ్ళం కాదు" అన్నారాయన. "పక్కన ఒక అర ఉండేది." కార్డు మళ్ళీ తన చొక్కా జేబులో పెట్టుకుని, పైన చెయ్యి వేసుకున్నారు.

రోగుల ఇల్లు శుభ్రంగానే ఉంది. అందుకు ఏడవడానికి కూడా వీల్లేదు. నాలుగో అంతస్తు, ఆరు మంచాలు, కిటికీ పక్కది ఆయనది. పక్క మంచాల్లో ఐదుగురూ పైకప్పు చూస్తున్నారు. మేనేజరమ్మ నిబంధనలు చెప్పింది. చూడ్డానికి పదకొండు నుంచి ఐదు. బయటి తిండి వద్దు. బంధువులు రోగిని కదపకూడదు, పక్క మార్చకూడదు, ఎవరికైనా దెబ్బ తగిలితే మా మీదకొస్తుంది. ఏం కావాలన్నా గంట నొక్కండి, మనిషొస్తారు.

"ఎంతసేపట్లో వస్తారండీ?"

"వస్తారమ్మా" అందావిడ.

మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది జిప్పులక్క. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏ పనీ లేకుండా ఆ చేతుల్ని అలా చూడటం ఆమెకే కొత్తగా ఉంది. దూరంగా గోడల్లో ఎక్కడో తీగలు కదిలిన చప్పుడు.

"వింటున్నావా?" అన్నాడు లిఫ్టాయన. "ఆ పుల్లీ నేను మార్చిందే. ఇంకా గట్టిగానే ఉంది."

పన్నెండింటికి ఆవిడ సంచీలో బాతు అరిచింది. ఐదు మంచాల మీంచీ ఎవరూ తల తిప్పలేదు. ఆవిడ లేచి నిలబడింది, అలవాటుగా మోకాలు మంచానికి ఆనించి, దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకుంది. పట్టుకున్నాక గుర్తొచ్చింది. వదిలేసింది. వదిలినచోట గుడ్డ ముడతలు పడి ఉంటే అరచేత్తో సాపు చేసింది.

గంట నొక్కింది. తలుపు పైన చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. ఎవరూ రాలేదు.

"రెండోసారి నొక్కకు, విసుక్కుంటారు" అన్నాడాయన.

"మరి?"

"కూర్చో. నీకు అలవాటే కదా. పిలవడం, చూడటం."

కూర్చుంది. ప్రభువా అనబోయింది. మళ్ళీ బాతు అరిచేదాకా అనాలి తర్వాత. బాతు ఇప్పుడే అరిచింది, చెయ్యాల్సిన పనేమో జరగలేదు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అడగాలో తెలియలేదు. అందుకని ఊరికే ఆ ఆకుపచ్చ దీపం కేసి చూస్తూ కూర్చుంది. వరండాలో అడుగుల చప్పుడు వినబడింది. దగ్గరకొచ్చింది. తలుపు దాటి వెళ్ళిపోయింది.

"మనకోసం కాదు" అన్నాడు లిఫ్టాయన.

పదకొండు నిమిషాలైంది. ఇరవై అయింది. ఆవిడ చెయ్యి చాచి మళ్ళీ గంట నొక్కింది.